అమ్మకు ఏ పరీక్షలు, ఎప్పుడు, ఎక్కడ? అరవైకి అటూఇటూ ఉన్న ఆడవాళ్ల కోసం

"నాకేమొచ్చిందే, గుండ్రాయిలా ఉన్నా" అనేది మా అమ్మ. అయినా వినకుండా ఒక ల్యాబ్ వాళ్ల ఫుల్ బాడీ ప్యాకేజీ కట్టాను. పొద్దున్నే ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లారు, సాయంత్రానికి పద్దెనిమిది పేజీల రిపోర్టు ఫోన్లో పడింది. దాన్ని మా డాక్టరమ్మ గారికి చూపిస్తే ఆవిడ రెండో పేజీ దాటలేదు. "అమ్మ రొమ్ములు ఎవరైనా చూశారా? నోరు తెరిపించి చూశారా? గర్భసంచి ఆపరేషన్ అయిందా, ఎప్పుడు?" అని అడిగారు. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు.

ప్యాకేజీలో ఉన్నదంతా రక్తమే. రొమ్ము కేన్సర్ రక్తంలో దొరకదు. ఎముక గుల్లబారడం దొరకదు. బాత్రూంలో జారిపడటం అసలే దొరకదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, దేశంలో 30–49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార కేన్సర్ పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు 1.9 శాతం, రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు 0.9 శాతం. ఈ వయసు వాళ్ల సంగతే ఇలా ఉంటే మన అమ్మల తరానికి ఎంతమందికి జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. అందుకే డబ్బు కంటే ముందు ఒక పూట సమయం కావాలి. ఆ పూట ఏం చేయాలో వరసగా చెబుతాను.

మొదటి అడుగు: పాత ఆపరేషన్ సంగతి తేల్చుకోండి

ఒక నోట్‌బుక్ తీసుకుని అమ్మ పక్కన కూర్చోండి. మొదటి ప్రశ్న ఇదే. ఎందుకంటే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దేశంలోనే ఎక్కువ అని ఆ కుటుంబ ఆరోగ్య సర్వేలే తేల్చాయి. ముప్పై, ముప్పై అయిదేళ్లకే "తెల్లబట్ట అవుతోంది, ఉంచితే కేన్సరవుతుంది" అని భయపెట్టి తీసేసిన కేసులు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తాయి.

మన వాళ్లు "నాకు ఆపరేషనయింది" అని ఊరుకుంటారు. అది పిల్లలు పుట్టకుండా చేసిన ఆపరేషనా, సిజేరియనా, గర్భసంచి తీయడమా? పొట్ట మీద గాటు చూసి చెప్పలేం. గర్భసంచే అయితే ఇంకో మూడు సంగతులు కావాలి. ఎన్నో ఏట తీశారు? గర్భసంచితోపాటు దాని ముఖద్వారం కూడా తీశారా, పైభాగమే తీశారా? అండాశయాలు ఉంచారా, తీసేశారా?

ఈ మూడూ మారితే చేయాల్సిన పరీక్షలే మారిపోతాయి. ముఖద్వారం కూడా తీసేసి ఉంటే, అది కేన్సర్ వల్లో కేన్సర్‌కు ముందు దశ వల్లో తీసింది కాకపోతే, ఇక ముఖద్వార కేన్సర్ పరీక్ష అక్కర్లేదు. ముఖద్వారం మిగిలి ఉంటే తప్పక కావాలి. నలభై అయిదు లోపే అండాశయాలు తీసేసి ఉంటే ఆ రోజు నుంచే ఎముకలు పలచబడటం, గుండె జబ్బు ముప్పు పెరగడం మొదలయ్యాయని లెక్క. అలాంటావిడకు ఎముకల పరీక్ష అరవై అయిదు దాకా ఆపకూడదు.

డిశ్చార్జి కాగితం దొరక్కపోతే కంగారు పడొద్దు, చాలామంది ఇళ్లలో దొరకదు. ముఖద్వారం ఉందో లేదో గైనకాలజిస్టు లోపలి పరీక్షలో రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. అండాశయాలకు స్కానింగ్ ఉందిగానీ, ఈ వయసులో అవి చిన్నవైపోతాయి కాబట్టి ఒక్కోసారి స్పష్టంగా కనబడవు. "ఆపరేషన్ అయిన కొన్నాళ్లకే ఒంట్లోంచి ఆవిర్లు వచ్చాయా?" అని అమ్మను అడిగితే కొంత ఊహ దొరుకుతుంది.

రెండో అడుగు: మాత్రల సంచి, అలవాట్లు

ఇంట్లో ఉన్న మాత్రలన్నీ మంచం మీద గుమ్మరించండి. బీపీ మాత్ర ఒకే మందు రెండు పేర్లతో రెండుసార్లు వేసుకుంటున్నవాళ్లు ఉంటారు. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలకు, కడుపులోని పొరకు దెబ్బ. పేరు తెలియని పొట్లాల మాత్రల్లో స్టెరాయిడ్ ఉంటే ఎముకలకూ షుగర్‌కూ రెండింటికీ చేటు. నిద్రమాత్రలు వేసుకునేవాళ్లు రాత్రిపూట తూలి పడతారు. ఈ సంచిని అలాగే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి, చీటీ మీద రాసుకెళ్తే సగం తప్పిపోతాయి.

అలవాట్ల విషయంలో సిగ్గుపడకుండా అడగాలి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పెద్దావిడలకు చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది. ఆ వేడికీ పొగకూ అంగిలి మీద పుండు, ఆ తర్వాత కేన్సర్ వచ్చే ప్రమాదం ఎక్కువ. వక్క, పొగాకు, జర్దా బుగ్గన పెట్టుకునేవాళ్లకు బుగ్గ లోపల వస్తుంది. ఇరవై, ముప్పై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చున్నావిడ దగ్గుతుంటే "వయసు" అనకండి. పొగ పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతినడం బీడీ కాల్చినవాళ్లకే రాదు. ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్ష ఒక్కసారైనా చేయించాలి.

మూడో అడుగు: ఇంట్లోనే చూసుకోగలిగినవి

బీపీ మిషన్ ఉంటే సరిగ్గా వాడండి. మెట్లెక్కి వచ్చిన వెంటనే, కాఫీ తాగిన అరగంటలోపు, మూత్రం ఆపుకుని చూస్తే ఎక్కువ చూపిస్తుంది. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టి, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టించి, చీర చెంగుగానీ జాకెట్టు చెయ్యిగానీ పట్టీ కింద లేకుండా చూడాలి. నిమిషం తేడాతో రెండుసార్లు. ఇంట్లో సగటున 135/85 దాటుతుంటే డాక్టర్‌కు చెప్పాలి. ఆస్పత్రిలో కొలిచినప్పుడు ఆ హద్దు 140/90. తర్వాత నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువగానీ పడిపోతే, లేవగానే కళ్లు తిరగడానికి కారణం అదే కావచ్చు. బీపీ మందు మోతాదు మార్చాల్సి రావచ్చు. ఈ రెండో సగం ఎవరూ చూడరు.

నడుం చుట్టూ టేపు పెట్టండి, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల పైన షుగర్, గుండె ముప్పు. గోడకు నిలబెట్టి ఎత్తు కొలవండి. చేతులు రెండూ బారలా చాపితే ఆ కొస నుంచి ఈ కొసకు ఉన్న పొడవు దాదాపు పడుచు వయసులోని ఎత్తంత ఉంటుంది. ఎత్తు దానికంటే బాగా తగ్గిందంటే వెన్నుపూసలు తెలియకుండానే కుంగి ఉండవచ్చు.

ఇంకొకటి. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు మామూలుగా నడిచి, తిరిగి వచ్చి కూర్చోమనండి. ఫోన్లో టైమ్ చూడండి. 12 సెకన్లు పట్టినా, దాటినా పడిపోయే ముప్పు ఉన్నట్టు. మా అమ్మకు 15 పట్టింది. అప్పటిదాకా నేను బాత్రూం గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించాలని అనుకోలేదు. మరుసటి ఆదివారమే పెట్టించాను, తడి నేల మీదకు జారని పట్టా కూడా కొన్నాను.

నాలుగో అడుగు: రక్తం, మూత్రం. కొన్నే చాలు

అవసరమైనవి ఇవి: హిమోగ్లోబిన్‌తో కూడిన రక్తకణాల పరీక్ష, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), కొలెస్ట్రాల్, కిడ్నీల కోసం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్. నీరసం, బరువు పెరగడం, మలబద్ధకం లాంటివి ఉంటే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష. శాకాహారులైతేనో, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతుంటేనో బీ12 విటమిన్.

పరగడుపున 126, హెచ్‌బీఏ1సీ 6.5 శాతం ఉన్నా, దాటినా షుగర్ ఉన్నట్టు. లక్షణాలేమీ లేకపోతే ఇంకోసారి చేసి ఖాయం చేసుకోవాలి. ఇక్కడొక తిరకాసు ఉంది. ఐరన్ తక్కువై రక్తహీనత ఉన్నవాళ్లకు హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకే రెండూ కలిపి చదవాలి.

హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువైతే రక్తహీనత. పడుచు అమ్మాయికైతే నెలసరి వల్ల అనుకోవచ్చు. ముట్లుడిగి పదేళ్లయినావిడకు రక్తం ఎందుకు తగ్గింది? కడుపులోనో పేగులోనో కారుతోందేమో చూడకుండా ఐరన్ టానిక్ రాయించుకుని వచ్చేయడం పెద్ద పొరపాటు. మలం నల్లగా వస్తోందా, మొలలని కొట్టిపారేస్తున్న రక్తం నిజంగా మొలలేనా, ఈ మధ్య బరువు తగ్గిందా అని అడగండి.

క్రియాటినిన్ చూసేటప్పుడు ఒక మాట. సన్నగా, కండ లేని పెద్దావిడలకు అంకె మామూలుగా కనిపిస్తూనే కిడ్నీ పని తగ్గి ఉండొచ్చు. రిపోర్టులో కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ లెక్క కూడా అడగండి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం ఉద్దానం వాళ్లకు, అక్కడ పుట్టి పెరిగి బయట స్థిరపడ్డవాళ్లకు కూడా ఇది ఏటా తప్పనిసరి. షుగర్ ఉన్నవాళ్లకు వీటితోపాటు ఏడాదికోసారి కంటి రెటీనా, పాదాల స్పర్శ చూపించాలి.

అయిదో అడుగు: మూడు కేన్సర్లు

నోరు సులువు. వెలుతురులో కూర్చోబెట్టి, కట్టుడుపళ్లు తీయించి, టార్చి వేసి అంగిలి, బుగ్గలు, నాలుక అంచులు, నాలుక కింద చూడండి. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, మూడు వారాలైనా మానని పుండు, నోరు పూర్తిగా తెరవలేకపోవడం కనిపిస్తే దంతవైద్యుడి దగ్గరకు ఆ వారమే.

రొమ్ముకు ముందుగా కావాల్సింది తర్ఫీదున్న చెయ్యి. ముంబైలో 35–64 ఏళ్ల స్త్రీలు లక్షన్నర మందిపై ఇరవై ఏళ్లు నడిచిన అధ్యయనం 2021లో వెలువడింది. ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితో చూసినందుకే యాభై దాటినవాళ్లలో రొమ్ము కేన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. మామోగ్రామ్ అందుబాటులో ఉంటే యాభై నుంచి డెబ్బై దాకా రెండేళ్లకోసారి మంచిదే. ఆ రోజు పౌడర్, సెంటు రాసుకోకుండా రమ్మనాలి, చుక్కల్లా పడి తికమక చేస్తాయి. మెషిన్ నొక్కుతుంది, ఒక నిమిషం నొప్పిగా ఉంటుంది, ముందే చెప్పండి. నొప్పిలేని గడ్డ, లోపలికి పోయిన చనుమొన, రక్తం కారడం, బత్తాయి తొక్కలా గుంటలు పడ్డ చర్మం ఉంటే మాత్రం పరీక్షల షెడ్యూలు చూడొద్దు, నేరుగా సర్జన్ దగ్గరకే.

గర్భాశయ ముఖద్వారం దగ్గర కాస్త ఆగుతాను. పెద్దావిడలు చెప్పే మాట ఒకటే: "మీ నాన్న పోయి పదిహేనేళ్లయింది, నాకీ పరీక్షేమిటి?" ఈ కేన్సర్‌కు కారణమైన హెచ్‌పీవీ వైరస్ ఎప్పుడో యౌవనంలో ప్రవేశించి, కొందరిలో పోకుండా దశాబ్దాలు ఉండిపోతుంది. వితంతువులకూ, చాన్నాళ్లుగా దాంపత్యం లేనివాళ్లకూ ముప్పు తీరిపోదు.

ప్రభుత్వ శిబిరాల్లో సాధారణంగా వెనిగర్ లాంటి ద్రవం రాసి కంటితో చూసే పరీక్ష చేస్తారు. ముట్లుడిగిన తర్వాత చూడాల్సిన భాగం లోపలికి ముడుచుకుపోతుంది కాబట్టి ఈ వయసులో అది నమ్మదగింది కాదు. హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష అడగండి. అది దొరక్కపోతే ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్‌స్మియర్. మహారాష్ట్ర ఉస్మానాబాద్ జిల్లాలో 30–59 ఏళ్ల స్త్రీలు లక్షా ముప్పై వేల మందితో చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. ఒకే ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్షతో ఈ కేన్సర్ మరణాలు సుమారు సగం తగ్గాయి. అందుకే నా లెక్క ఇది: గతంలో సక్రమంగా చేయించుకుని అన్నీ బాగున్నవాళ్లు అరవై అయిదుకు ఆపేయొచ్చు. ఒక్కసారీ చేయించుకోనివాళ్లు అరవై అయిదు దాటినా ఒకసారి చేయించుకోవాలి.

సిగ్గు, భయం ఉంటే రెండు దారులున్నాయి. హెచ్‌పీవీకి చిన్న బ్రష్‌తో నమూనా తనే తీసుకునే పద్ధతి కొన్ని ల్యాబ్‌లలో ఉంది. లేదంటే లేడీ డాక్టర్‌తో "లోపల పొడిబారి మంట ఉంటుంది" అని ముందే చెబితే చిన్న సైజు పరికరం వాడతారు, అవసరమైతే ముందుగా రెండు మూడు వారాలు రాసుకునే క్రీమ్ ఇస్తారు. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్లే చాలామంది ఒకసారి నొప్పి తిని మళ్లీ గడప తొక్కరు.

ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా స్క్రీనింగ్ మాట పక్కన పెట్టి వెంటనే గైనకాలజిస్టును కలవాలి. "వేడి చేసింది" అని సగ్గుబియ్యం జావ తాగించి నెలలు గడపొద్దు. మూత్రం ఆపుకోలేకపోవడం, గర్భసంచి జారడం లాంటివి కూడా అదే గదిలో చెప్పించండి. దగ్గినప్పుడు చీర తడిసిపోతుందని పెళ్లిళ్లు మానుకున్నావిడ నాకు తెలుసు. కటి కండరాలు బిగించే వ్యాయామంతోనే మూడు నెలల్లో ఆవిడకు బాగా తగ్గింది.

ఆరో అడుగు: ఎముకలు

అరవై అయిదు దాటినవాళ్లకు ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్. చిన్న వయసులో అండాశయాలు పోయినా, స్టెరాయిడ్లు వాడినా, చిన్నగా పడితేనే ఎముక విరిగినా, బాగా సన్నగా ఉన్నా ఇంకా ముందే. తుంటి, నడుం రెండూ తీయాలి. రిపోర్టులో టీ-స్కోరు మైనస్ 2.5, అంతకన్నా కిందకు ఉంటే బోలు ఎముకల జబ్బు. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే పలచబడుతున్నాయని. మడమ మీద చిన్న మెషిన్ పెట్టి మందుల షాపు శిబిరాల్లో ఇచ్చే అంకె చూసి మందులు మొదలుపెట్టకండి.

నల్లగొండ, ప్రకాశం లాంటి ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతాల వాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పాలి. ఫ్లోరైడ్ వల్ల ఎముక దట్టంగా కనిపిస్తుందిగానీ పెళుసుగా ఉంటుంది. స్కోరు బాగుందని ధీమా పడే వీల్లేదు.

యాభై దాటాక రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350, ఒక పెద్ద గ్లాసు పాలలో 300 దాకా ఉంటుంది. రాగిజావ, పెరుగు, నువ్వులు, ఆకుకూరలతో చాలావరకు సర్దుకోవచ్చు. మిగతాదానికి మాత్ర. వారానికోసారి వేసే ఎముకల మాత్ర రాస్తే పరగడుపున గ్లాసు నిండా నీళ్లతో వేసుకుని, అరగంట పడుకోకుండా ఉండాలి. లేదంటే గొంతులో పుండు పడుతుంది. అది మొదలుపెట్టే ముందే పళ్ల పని ఏదైనా ఉంటే చేయించేయండి.

మిగతావి త్వరగా

కంట్లో శుక్లాలు, కంటి ఒత్తిడి ఏడాదికోసారి. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రికి పల్లెల్లో కూడా దృష్టి కేంద్రాలున్నాయి. టీవీ సౌండు పెరుగుతూ పోతుంటే చెవి పరీక్ష. టీకాల్లో ఫ్లూ ఏటా, న్యుమోనియా, అక్కి రాకుండా రెండు డోసులు, పదేళ్లకోసారి టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా).

మనసు గురించి ఎవరూ అడగరు. రెండు ప్రశ్నలు చాలు: ఈ రెండు వారాల్లో దిగులుగా అనిపించిందా? ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయిందా? అవును అంటే మాట్లాడండి. 14416కి చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో వేధింపులున్నా, ఒంటరిగా ఉన్నా వృద్ధుల కోసం 14567 ఉంది.

వద్దు అనిపించేవి కూడా చెప్పాలి. ఏ లక్షణమూ లేనప్పుడు సీఏ-125 లాంటి కేన్సర్ మార్కర్ల రక్తపరీక్షలు చేయిస్తే, అనవసరంగా పెరిగి కనిపించి నెలరోజుల టెన్షన్, ఒక్కోసారి అక్కర్లేని ఆపరేషన్. ఒళ్లంతా సీటీ స్కాన్ అంతే.

ఎక్కడికెళ్లాలి

ముప్పై దాటిన అందరికీ బీపీ, షుగర్, నోరు, రొమ్ము, ముఖద్వారం పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితం. ఆశ కార్యకర్తనో ఏఎన్‌ఎంనో అడిగితే ఏ రోజు, ఎక్కడో చెబుతారు. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్‌లు మంగళవారాలు నడిచేలా పెట్టారు. వెళ్లే ముందు ఆ కేంద్రానికి ఫోన్ చేసుకోండి. ఏదైనా తేడా వస్తే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రి, విశాఖలోని హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. డెబ్బై దాటినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో వచ్చింది. ఆధార్‌తో తీసుకోవచ్చు. అది ఆస్పత్రిలో చేరినప్పటికే, మామూలు పరీక్షలకు కాదు.

పరగడుపున వెళ్లే రోజు బీపీ మాత్ర నీళ్లతో వేయొచ్చు, షుగర్ మాత్ర, ఇన్సులిన్ మాత్రం పరగడుపున వద్దు, రక్తం ఇచ్చాక టిఫిన్ తినే వేళకే. సంచిలో ఇడ్లీ డబ్బా పెట్టుకోండి.

ఎప్పుడు ఆపాలి

మంచాన పడ్డావిడకో, మతిమరుపు ముదిరినావిడకో మామోగ్రామ్ అని లాక్కెళ్లొద్దు. నెమ్మదిగా పెరిగే జబ్బును ముందే పట్టుకున్నందువల్ల ఫలితం కనబడటానికి ఏళ్లు పడుతుంది, ఆ లోపు ఆవిడకు దక్కేది తిప్పలే. అలాంటప్పుడు చూడాల్సినవి వేరు: నొప్పి ఉందా, వీపున పుండ్లు పడుతున్నాయా, కళ్లజోడు సరిపోతోందా, మింగేటప్పుడు పొలమారుతోందా, మాత్రల్లో ఏవి ఇక మానేయొచ్చు. మా నాయనమ్మకు ఎనభై ఎనిమిదో ఏట డాక్టర్ చేసిన వైద్యం చెవుల్లో గుబిలి తీయడం, పదకొండు మాత్రల్ని నాలుగుకు తగ్గించడం.